ఊరికి అధికారం అంటే ఊళ్లో ఎవరికి?

మన కార్యకర్త ఒకాయన ఈమధ్యనే వార్డు మెంబరుగా గెలిచాడు. పంచాయతీ శిక్షణ తరగతులకు పోయి వచ్చి మా దగ్గర కూచుని ఒక మాట అడిగాడు. "అన్నా, స్విట్జర్లాండుల ఊరే రాజ్యమంట గదా! పన్ను ఊరే వేసుకుంటదంట. ఊరంత ఒక్కకాడ కూడి చెయ్యెత్తితే అదే చట్టమంట. మనకూ అట్ల వస్తే మన వాడ బాగుపడతదా?"

మంచి ప్రశ్న. బాబాసాహెబ్ కాలం నుంచీ నలుగుతున్న ప్రశ్న. ఆ రోజు టీ తాగినంతసేపట్లో మేం చెప్పిన జవాబు ఆయనకూ సరిపోలేదు, మాకూ సరిపోలేదు. అందుకే ఈ పక్షం సంపాదకీయం యూరప్ మీద. మన పత్రికలో యూరప్ ముచ్చట్లేంటని విసుక్కోకండి. అది తిరిగి తిరిగి మన ఊరికే వస్తుంది.

గ్రామ స్వరాజ్యం అనగానే కొందరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. పచ్చని చేలు, రావిచెట్టు, రచ్చబండ, దాని మీద తీర్పు చెప్పే పెద్దమనుషులు. ఆ బొమ్మలో వాడ ఉండదు. ఉన్నా ఎక్కడో ఒక మూలకు ఉంటుంది. 1932 అక్టోబరులో బొంబాయి కౌన్సిల్లో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ లేచి అడ్డం చెప్పారు. అణగారిన వర్గాలకు ప్రత్యేకంగా సీట్లు ఉంచకుండా ఊరి చేతికి అధికారం ఇస్తామంటే ఒప్పుకునేది లేదన్నారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ ఇంకా కటువుగా మాట్లాడారు. ఊరంటే ఇరుకు బుద్ధికి, అజ్ఞానానికి, మతద్వేషానికి గూడు అని, ఈ ముసాయిదా ఊరిని పక్కనపెట్టి మనిషిని ప్రమాణంగా తీసుకున్నందుకు తనకు సంతోషమేనని అన్నారు. సభలో చాలామందికి కోపం వచ్చింది. అదే నెల 22న పంచాయతీల మాటను ఆదేశిక సూత్రాల్లో చేర్చారు. ఇప్పుడు మనం 40వ అధికరణం అంటున్నది అదే. బాబాసాహెబ్ దానికి అడ్డుపడలేదు, ఒప్పుకున్నారు. అడ్డుపడలేదు కాబట్టి మనసు మార్చుకున్నారని చెప్పేవాళ్లున్నారు. ఆ వాదన మాకు రుచించదు.

సరే, ఆయన మాట్లాడింది కులం ఉన్న ఊరి గురించి. కులం లేని ఊరుంటే? అక్కడ ఊరికి పూర్తి అధికారం ఇస్తే తప్పేముంది? ఈ సంగతి తేల్చుకోవడానికి స్విట్జర్లాండు, ఫ్రాన్సు బాగా పనికొస్తాయి. పక్కపక్క దేశాలు. ఒకచోట అధికారం ఊళ్ల నుంచి పైకి పోయింది. ఇంకోచోట రాజధాని నుంచి కిందికి దిగింది. మన పంచాయతీ లాంటి దాన్ని అక్కడ కమ్యూన్ అంటారు. రెండు దేశాలకూ ఆ మాటే వాడుకుందాం.

ముందు స్విట్జర్లాండు. జనాభా సుమారు 90 లక్షలు. 26 కాంటన్లు. కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది, కాకపోతే ఒకటి రెండు మన మండలం కంటే చిన్నవి. కమ్యూన్లు సుమారు 2,100. ప్రతి ఐదు కమ్యూన్లలో దాదాపు నాలుగింటికి ఎన్నికైన సభ అంటూ లేదు, ఓటున్న జనమే సభ. ఏడాదికి రెండు మూడుసార్లు ఏ బడి హాల్లోనో కూడతారు. లెక్కలు చూస్తారు. బడ్జెటు పాస్ చేస్తారు. బడికి కొత్త గది కట్టాలా, రోడ్డు వెడల్పు చెయ్యాలా అని చెయ్యెత్తి తేలుస్తారు. ఊరి ప్రెసిడెంటు పగలు తన వ్యవసాయమో ఉద్యోగమో చూసుకుని సాయంత్రాలు కమ్యూన్ పని చూస్తాడు.

అసలు బలం పన్నులో ఉంది. మనిషి సంపాదన మీద పన్ను మనకు ఢిల్లీ వేస్తుంది. అక్కడ దేశం, కాంటన్, కమ్యూన్ మూడూ వేస్తాయి. తన వాటా రేటు ఎంతో కమ్యూన్ తన సభలోనే తేల్చుకుంటుంది. ఆ డబ్బు ఎవడి దయా కాదు. గ్రాంటు కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే పోయి నిలబడే పని లేదు. దీనికీ ఒక వంకర ఉంది. డబ్బున్నవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు రేటు తగ్గిస్తుంది, తగ్గించిన ఊరికి ఇంకా డబ్బున్నవాళ్లు వచ్చి చేరతారు, భూమి ధర ఆకాశానికి పోతుంది, పేదవాడు తట్టాబుట్టా సర్దుకుంటాడు. అయినా మన సర్పంచి ఈ పద్ధతిని చూసి నోరు తెరవక తప్పదు.

గ్లారుస్, అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే రెండు కాంటన్లలో కాంటన్ మొత్తం ఏడాదికోసారి ఆరుబయట కూడుతుంది. 1864లో గ్లారుస్ జనం ఇట్లా కూడే ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని చట్టం చేశారు. 2006లో అదే సభ ఒక్క పూటలో 25 కమ్యూన్లను మూడుగా కలిపేసింది. కాబట్టి ఆ పద్ధతిని ఎకసెక్కం చేయడం మా ఉద్దేశం కాదు.

కానీ సభలో ఎవరి చెయ్యి లెక్కలోకి వచ్చింది?

ఆర్గావ్ కాంటన్లో ఎండింగెన్, లెంగ్నావ్ అని రెండు ఊళ్లున్నాయి. 1776 తర్వాత దాదాపు వందేళ్ల పాటు స్విట్జర్లాండులో యూదులు ఇల్లు వాకిలి పెట్టుకుని ఉండదగ్గ ఊళ్లంటే ప్రధానంగా ఈ రెండే. అక్కడ పాత ఇళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఒకే ఇంటి ముందు పక్కపక్కనే రెండు గుమ్మాలు. ఒకటి క్రైస్తవులకు, ఒకటి యూదులకు. మనకు హోటల్లో రెండు గ్లాసులు తెలుసు, అక్కడ రెండు గుమ్మాలు. 1862లో ఆ కాంటన్ శాసనసభ యూదులకు పౌరహక్కులిస్తూ చట్టం చేసింది. జనం మండిపడ్డారు. ఓటు పెట్టి ఆ శాసనసభనే ఇంటికి పంపారు. చట్టాన్ని కొట్టేశారు. ఇది ఏ నియంతో చేసిన పని కాదు. ఊరూరా చేతులెత్తి, ఓట్లేసి, పద్ధతి ప్రకారం చేసిన పని.

మరి ఆ తలుపు ఎట్లా తెరుచుకుంది? ఫ్రాన్సు తెరిపించింది. 1864లో వ్యాపార ఒప్పందం చేసుకుంటూ, మా పౌరులు ఏ మతం వాళ్లయినా మీ దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని రాసివ్వమంది. వ్యాపారం కావాలి కాబట్టి రాసిచ్చారు. అప్పుడు చిక్కొచ్చి పడింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన యూదుడు ఎక్కడైనా ఉండొచ్చు, స్విట్జర్లాండులో పుట్టిన యూదుడు ఉండకూడదు! ఆ సిగ్గు మింగుడుపడక 1866లో రాజ్యాంగం సవరించారు. ఆ సవరణకు ఓటేసి గెలిపించిందీ జనమే. అంటే జనం మారరని కాదు. బయటినుంచి ఎవరో మెడ వంచితే తప్ప ఆ ప్రశ్న వాళ్ల ముందుకే రాలేదు.

ఇక పేదవాడి సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే స్విట్జర్లాండును పొగిడే పుస్తకాల్లో ఇది చాలాకాలం లేదు. పేదలను సాకే బాధ్యత అక్కడ కమ్యూన్‌ది. వినడానికి బాగుంది. కానీ మనిషి బతుకుతున్న ఊరిది కాదు, అతని తాతముత్తాతల ఊరిది. పని కోసం పట్నం పోయినవాడు జబ్బుపడో ముసలివాడయ్యో చేతకాకుండా పోతే, కాగితం మీద తన ఊరు అన్న చోటికి తోలేవారు. తను ఎన్నడూ ముఖం చూడని ఊరైనా సరే. ఆ ఊరికి అతను మనిషి కాదు, ఖర్చు. అమెరికాకు ఓడ టిక్కెట్టు కొనిచ్చి పేదలను వదిలించుకున్న కమ్యూన్లు కూడా ఉన్నాయి.

పిల్లల్ని ఏం చేశారో వినండి. తండ్రి చచ్చిపోయిన పిల్లలు, పెళ్లికాని తల్లుల పిల్లలు, తాగుబోతు అని పేరుపడ్డవాడి పిల్లలు, ఉత్తగా పేదవాళ్ల పిల్లలు. వీళ్లను కమ్యూన్ పెద్దలు ఇళ్ల నుంచి తీసుకుపోయి రైతుల దగ్గర పనికి పెట్టేవారు. 19వ శతాబ్దంలో కొన్నిచోట్ల దీనికి వేలంపాట జరిగేది. మన చెరువు చేపల పాట లాగా ఎక్కువ పాడినవాడికి కాదు. ఈ పిల్లవాణ్ణి సాకడానికి కమ్యూన్ దగ్గర ఎవడు తక్కువ డబ్బు అడిగితే వాడికి. తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ తక్కువను ఎక్కడ పూడ్చుకుంటాడు? పిల్లవాడి కంచంలో. వాడి రెక్కల్లో. పశువుల కొట్టంలో పడుకోబెట్టారు. బడి మాన్పించారు. కొట్టారు. ఆడపిల్లలకు జరిగింది వేరే చెప్పనక్కర్లేదు. జర్మన్‌లో వీళ్లను ఫెర్డింగ్ కిండర్ అన్నారు. మన భాషలో పాలేరు అనండి, జీతగాడు అనండి, వెట్టి అనండి. వేలంపాటలు పోయినా పిల్లల్ని ఇట్లా పెట్టడం మాత్రం 20వ శతాబ్దం సగం దాటినా ఆగలేదు.

ఊరికి తెలియక జరిగిందా? ఊరే చేసింది. కాగితం మీద సంతకం కమ్యూన్‌ది. పిల్లవాణ్ణి పెట్టుకున్న రైతు కమ్యూన్ సభలో చెయ్యెత్తే మనిషి. పిల్లవాడి తల్లికి ఓటు లేదు. ఇక ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి?

యెనిష్ అని అక్కడ ఒక సంచార జాతి ఉంది. వాళ్ల తిరుగుడు బతుకు మాన్పిస్తామంటూ 1926 నుంచి 1973 దాకా ఒక ధర్మ సంస్థ, అధికారుల సాయంతో దాదాపు 600 మంది పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి లాక్కుపోయింది. నేరస్త జాతుల చట్టం కింద మన ఎరుకలవాళ్లను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టిన కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. సోమరి అనో, నడత మంచిది కాదనో ముద్రవేసి, కోర్టు గుమ్మం ఎక్కించకుండా మనుషుల్ని బంధించే అధికారం అక్కడి స్థానిక అధికారులకు 1981 దాకా ఉంది. అది పోయింది కూడా యూరప్ మానవ హక్కుల ఒప్పందంలో చేరాల్సి వచ్చాకనే. 2013 ఏప్రిల్లో ఆ దేశ న్యాయమంత్రి సొమ్మరుగా బాధితుల ముందు నిలబడి ప్రభుత్వం తరఫున క్షమాపణ అడిగింది. 2017లో అమలైన చట్టం ప్రకారం బతికున్న బాధితులకు తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చారు. యెనిష్, సింతి ప్రజల మీద జరిగింది మానవజాతి మీద జరిగిన నేరమని 2025 ఫిబ్రవరిలో ఒప్పుకున్నారు. ఆలస్యంగానైనా ఒప్పుకున్నారు.

ఆడవాళ్ల ఓటు కథ చాలామందికి తెలుసు. 1959లో దేశంలోని మగవాళ్లు ఓటేసి, ముగ్గురిలో ఇద్దరు, ఆడవాళ్లకు ఓటు వద్దన్నారు. 1971లో గాని ఒప్పుకోలేదు. మన తల్లులు అప్పటికే నాలుగు లోక్‌సభ ఎన్నికలు చూశారు. అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ మగవాళ్లు నడుముకు కత్తి పెట్టుకుని సభకు వస్తారు, ఆ కత్తే వాళ్ల ఓటరు కార్డు. 1990 ఏప్రిల్లో కూడా ఆ కత్తులవాళ్లు చేతులెత్తి, కాంటన్ సంగతుల్లో ఆడదానికి ఓటు లేదన్నారు. నవంబరులో లోజాన్‌లోని ఫెడరల్ కోర్టు, అంటే వాళ్ల సుప్రీంకోర్టు, రాజ్యాంగం ముందు మీ ఆచారం చెల్లదని తీర్పిచ్చింది. 1991లో ఆడవాళ్లు వచ్చి ఆ మైదానంలో నిలబడ్డారు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అదే దేశంలో ఉంటర్‌బాఖ్ అనే కొండ ఊరు 1957లోనే తన ఊరి ఆడవాళ్లను పిలిచి ఓటు వేయించింది. పైవాళ్లు కూడదన్నారు. ఆ ఓట్లను వేరే పెట్టెలో వేయించారు, లెక్కలో కలపలేదు. అయినా వేశారు. నూషాటెల్ కాంటన్ 1849 నుంచే కమ్యూన్ ఎన్నికల్లో బయటిదేశం వాళ్లకూ ఓటిచ్చింది. ఊరు దేశం కంటే వెనకే ఉండాలని లేదు, ముందూ ఉండగలదు. కానీ ఏ ఊరు ముందుంటుందో, ఏది వెనకుంటుందో దాన్ని నమ్ముకుని మన పిల్లల్ని అక్కడ పెంచలేం గదా.

ఎందుకంటే 2000 మార్చిలో లూసెర్న్ కాంటన్లోని ఎమ్మెన్ కమ్యూన్ ఏం చేసిందో చూడండి. అక్కడ పౌరసత్వం కమ్యూన్ నుంచే మొదలవుతుంది. పౌరసత్వం అడిగినవాళ్ల వివరాలు అచ్చేసి ఇంటింటికీ పంచారు. ఒక్కొక్క దరఖాస్తుకు జనం రహస్య ఓటు వేశారు. 56 మంది అడిగితే గెలిచింది ఎనిమిది మంది, అందరూ ఇటలీ వాళ్లు. ఓడినవాళ్లలో ఎక్కువమంది యుగోస్లావియా నుంచి వచ్చినవాళ్లు. పేరు చూసి గీత పెట్టారు. 2003 జులైలో మళ్లీ ఆ ఫెడరల్ కోర్టే, మనిషి హక్కును బ్యాలెట్ పెట్టెలో వేసి తేల్చడానికి వీల్లేదు, కాదంటే కారణం చెప్పాలి అంది. ఓటుకు కారణం చెప్పక్కర్లేదు. తిరస్కారానికి చెప్పాలి. ఈ ఒక్క తీర్పు మన గ్రామసభల్లో చదివి వినిపించదగ్గది.

ఇప్పుడు సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పోదాం. ఇక్కడ కథ తలకిందులు. 1789 విప్లవం అదే ఏడాది డిసెంబరు చట్టంతో ఊరూరా కమ్యూన్ పెట్టింది. 1791 సెప్టెంబరులో యూదులకు పౌరసత్వం ఇచ్చింది. అల్సాస్ ఊళ్లలో జనం ఒప్పుకుంటారా అని ఊరిని అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో ఎండింగెన్ చెబుతుంది. పక్క దేశానికి అదే హక్కు రావడానికి ఇంకో 75 ఏళ్లు పట్టింది. పైనుంచి వచ్చే చట్టానికి ఉన్న బలం ఇది.

కానీ పైనుంచి వచ్చే బలం చట్టంతో ఆగదు. 1800లో నెపోలియన్ జిల్లాకొక ప్రిఫెక్టును కూచోబెట్టాడు. ప్రిఫెక్టు అంటే మన కలెక్టరు అనుకోండి. మేయర్లను పైవాళ్లే నియమించారు. 1884 చట్టంతో గాని ఊరు తన కౌన్సిలును ఎన్నుకోవడం, కౌన్సిలు తన మేయరును ఎన్నుకోవడం స్థిరపడలేదు. పారిస్ నగరానికైతే 1977 దాకా ఎన్నికైన మేయరే లేడు. తిరుగుబాటు చేసిన నగరమని వందేళ్లు శిక్ష. మేయరు ఉన్న ఊళ్లలో కూడా కౌన్సిలు తీర్మానాల మీద ప్రిఫెక్టు పెత్తనం నడిచింది. 1982 మార్చిలో దెఫెర్ అనే మంత్రి తెచ్చిన చట్టం దాన్ని తెంచింది. ఇప్పుడు తీర్మానం తప్పనిపిస్తే ప్రిఫెక్టు కోర్టుకు పోవాలి. తనే కొట్టేయడానికి లేదు.

ఇంకో సంగతి మన సర్పంచులు రాసిపెట్టుకోవాలి. ఫ్రాన్సులో మేయరును పదవి నుంచి తీసెయ్యడం ప్రిఫెక్టు చేతిలో లేదు. దేశ మంత్రిమండలిలో డిక్రీ చెయ్యాలి. మంత్రి సస్పెండ్ చేసినా నెలరోజులకు మించకూడదు. పది ఇళ్ల ఊరి మేయరుకైనా ఇంతే మర్యాద. మన దళిత సర్పంచిని కలెక్టరు ఆఫీసు నుంచి ఒక్క కాగితంతో ఇంటికి పంపొచ్చు.

ఫ్రాన్సులో సుమారు 35 వేల కమ్యూన్లున్నాయి. యూరప్‌లో ఇంకే దేశంలోనూ అన్ని లేవు. డబ్బు దగ్గర మాత్రం స్విస్ కమ్యూన్ ముందు ఇవి పేదవి. సంపాదన మీద పన్ను వేసే హక్కు లేదు. ఇంటి కాపురం మీద వేసే పన్ను ఒకటుండేది, దాన్ని కూడా పారిస్ 2023 నాటికి సొంత ఇంటి కాపురానికి ఎత్తేసింది. మేయర్లు గోల పెట్టారు. పన్ను పోతే పోయింది, ఊరివాళ్లకు మేం జవాబు చెప్పుకునే దారం తెగిందన్నారు. వాళ్ల బాధ నిజమే.

పైవాడు మంచివాడైతే సరే, చెడ్డవాడైతే? 1940లో హిట్లర్ ముందు మోకరిల్లిన విషీ ప్రభుత్వం అక్టోబరులో యూదులను ఉద్యోగాల నుంచి తొలగించే చట్టం చేసింది. నవంబరులో రెండువేల జనాభా దాటిన కమ్యూన్లలో మేయరు ఎన్నిక రద్దు చేసి నియామకం పెట్టింది. 1791లో ఒక్క కలం పోటుతో ఇచ్చింది, 1940లో ఒక్క కలం పోటుతో లాక్కుంది. హక్కు పైన ఒక్కచోటే ఉంటే వచ్చే ముప్పు అది. కలెక్టరు మనవాడే గదా, సెక్రటరీ మనవాడే గదా అని సంబరపడే మన సంఘాలు ఈ సంగతి ఆలోచించాలి.

ఫ్రాన్సులో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్లో, అదీ మునిసిపల్ ఎన్నికల్లోనే. ఓటొచ్చింది గాని కుర్చీ రాలేదు. 2000 జూన్‌లో చట్టం చేసి, కొంత పెద్ద కమ్యూన్లలో అభ్యర్థుల జాబితాలో ఆడా మగా సమానంగా ఉండాలన్నారు. 2001లో ఆ కమ్యూన్ల కౌన్సిళ్లలో ఆడవాళ్లు దాదాపు సగమయ్యారు. 2025 మేలో చేసిన చట్టం దాన్ని చిన్న ఊళ్లకూ పెట్టింది. అయితే మేయరును కౌన్సిలు ఎన్నుకుంటుంది, అక్కడ రిజర్వేషన్ లేదు. 2020 ఎన్నికల తర్వాత కూడా మేయర్లలో ఆడవాళ్లు ఐదోవంతే. సభ్యురాలివి కా, కుర్చీ మాత్రం అడక్కు అన్నట్టు. మనకు ఈ విషయంలో చట్టం మెరుగ్గా ఉంది. 73వ సవరణ సభ్యుడి సీటుకే కాదు, అధ్యక్షుడి సీటుకూ రిజర్వేషన్ పెట్టింది. ఆ మెరుగును ఊరు ఎట్లా మింగుతుందో తర్వాత చెబుతాం.

ఫ్రాన్సు ఊరు కూడా సందు దొరికితే స్విస్ ఊరి పనే చేస్తుంది. 2000 డిసెంబరు చట్టం ప్రకారం పెద్ద పట్టణాల చుట్టూ ఉన్న కమ్యూన్లలో నూటికి 20 ఇళ్లు, 2013 నుంచి చాలాచోట్ల 25 ఇళ్లు, తక్కువ అద్దెకు పేదలకు ఇచ్చేవి ఉండాలి. పారిస్‌ను ఆనుకుని నెయీ అనే డబ్బున్నవాళ్ల కమ్యూన్ ఉంది. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా అక్కడ నూటికి పది కూడా లేవు. ఏడాదికేడాది జరిమానా కడుతుంది గాని పేదవాణ్ణి పక్కన ఉండనివ్వదు. మనకు ఇళ్ల స్థలాలు ఊరి పక్కన ఇమ్మంటే శ్మశానం పక్కన చూపించే బుద్ధే. కాకపోతే అక్కడ మొండికేసిన కమ్యూన్ నుంచి ఇళ్ల పర్మిషన్లిచ్చే అధికారాన్ని ప్రిఫెక్టు లాక్కోవచ్చు. సంచార ప్రజలకైతే 1969 చట్టం మూడేళ్లు ఒకే కమ్యూన్‌కు కట్టుబడి ఉంటేనే ఓటు అంది. పైగా ఊరి జనాభాలో నూటికి ముగ్గురిని మించి అట్లా చేర్చుకోకూడదంది. 2012లో రాజ్యాంగ మండలి మూడేళ్ల షరతును కొట్టేసింది. మిగతా చట్టం 2017లో పోయింది.

ఫ్రెంచి కమ్యూన్ మన తెలుగు నేల మీద కూడా ఉండేదని చాలామందికి గుర్తులేదు. యానాం! 1880 డిక్రీతో ఫ్రెంచి వలసల్లో పెట్టిన కమ్యూన్లలో అదొకటి, మేయరుతో సహా. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం అన్న అదే ఫ్రాన్సు ఇక్కడ మాత్రం ఓటర్లను యూరోపియన్లకొకటి, దేశీయులకొకటి అని వేరు జాబితాలు చేసింది. 1954లో ఫ్రెంచివాళ్లు పోయారు. ఆ తర్వాత యానాం ఉన్న పుదుచ్చేరిలో 1968లో స్థానిక ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2006లో. 38 ఏళ్లు! పరాయివాడు పెట్టిపోయిన మేయరు కుర్చీని మనవాళ్లు అధికారులతో నింపారు.

ఇదంతా విని మన వార్డు మెంబరు తమ్ముడు, ఇంతకీ మనం ఏ దేశం లాగా ఉన్నామన్నా అని అడుగుతాడు. రెండు దేశాల చెడూ మన దగ్గరకొచ్చి కూడింది, మంచి సరిహద్దులో ఆగిపోయింది. ఫ్రాన్సు వదిలేసిన పాత ప్రిఫెక్టు మన కలెక్టరులో బతికే ఉన్నాడు. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరగాలని 73వ సవరణ చెబుతుంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు నుంచి 2021 దాకా, తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు. సొంతంగా గట్టి పన్ను వేసుకునే బలం లేదు. స్విస్ ఊరి దగ్గర నుంచి మనకు దొరికింది ఒక్కటే: మెజారిటీ వాడు చెయ్యెత్తితే మైనారిటీ వాడి గతి అంతే అన్న న్యాయం. ఊరు ఒక్కటైతే ఏమవుతుందో 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూపించాయి. సాంఘిక బహిష్కరణ అంటే ఏమిటి? ఊరి సభ తీర్మానమే. దుకాణంలో ఉప్పు అమ్మొద్దు, పనికి పిలవొద్దు, ఆటో ఎక్కించొద్దు. దానికి కోరం కూడా చాలా బాగుంటుంది.

రిజర్వేషన్ సర్పంచి సంగతి మీకే ఎక్కువ తెలుసు. ఉపసర్పంచికి రిజర్వేషన్ లేదు. తెలంగాణ 2018 చట్టం చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా కావాలంది. మాదిగ ఆడమనిషి సర్పంచి అయితే, ఆ రెండో సంతకం ఎవరి ఇంట్లో ఉంటుందో చెప్పాలా? మళ్లీ ఏకగ్రీవం చేసుకోండి, నజరానా ఇస్తామని ప్రభుత్వాలే ప్రకటిస్తాయి. పోటీ లేకుండా ఊరంతా ఒక్కమాట మీద ఉందంటే ఆ మాట ఎవరిదో అడిగే ఓపిక వాళ్లకు లేదు. సర్పంచి పదవికి గుడి ముందు వేలంపాట పెట్టిన ఊళ్లను మనం చూశాం.

కాబట్టి తమ్ముడూ, స్విట్జర్లాండు లాగా ఊరికి పన్ను కావాలి, లెక్క చూసే సభ కావాలి. దానికి మనం పోరాడాల్సిందే, పంచాయతీని పెద్ద కులాలకు వదిలేసి పట్నంలో సెమినార్లు పెట్టుకుంటే కుదరదు. ఫ్రాన్సు మేయరుకున్న భద్రత మన సర్పంచికి కావాలి. కానీ వాడ భూమి, వాడ నీళ్లు, వాడ మనిషి ప్రాణం, ఆడదాని మర్యాద, ఇవి ఏ సభలోనూ చేతులెత్తి తేల్చే సంగతులు కావు. అప్పెంజెల్ ఆడవాళ్లు ఇంకో ఏడాది ఆగి ఇంకోసారి చేతులు లెక్కపెట్టించుకోలేదు, కోర్టుకు పోయారు. అట్రాసిటీ చట్టం కేసు రాజీ చేసుకోమని రచ్చబండ మీదికి పిలిచినప్పుడు మనవాళ్లు ఈ కథ చెప్పాలి.

ఒక పని అడుగుతున్నాం. రెండు రాష్ట్రాల్లోని మన పాఠకులు వచ్చే గ్రామసభకు పోయి, ఇంటికొచ్చాక ఒక కార్డు రాయండి. సభ ఎక్కడ పెట్టారు? పంచాయతీ ఆఫీసులోనా, బళ్లోనా, గుడి ముందా? మనవాళ్లు అక్కడ ఎక్కి కూచున్నారా, కింద నిలబడ్డారా? తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు సభలో వేశారా, తర్వాత ఇంటింటికీ తిరిగి వేయించుకున్నారా? మన సర్పంచి ఉన్న ఊరైతే, చెక్కు పుస్తకం ఎవరి ఇంట్లో ఉంది? పెద్ద వ్యాసాలు అక్కర్లేదు, నాలుగు ముక్కలు చాలు. పేరు వేయొద్దంటే వేయం, ఊరి పేరు మాత్రం రాయండి. వచ్చిన కార్డులన్నీ వరసగా అచ్చేస్తాం.

జై భీమ్.